గో ప్రోగ్రామ్‌లో తాత్కాలిక ఆబ్జెక్ట్‌లను జీసీ (గార్బేజ్ కలెక్టర్, అంటే చెత్త ఏరే భాగం) ఎలా ఖాళీ చేస్తుంది, చేయనప్పుడు మనమేం చేయాలి

“అక్కా, పని అయిపోగానే వేరియబుల్‌కి నిల్ పెట్టాను. రన్‌టైమ్ జీసీని కూడా పిలిచి చూశాను. అయినా పాడ్ మెమరీ దిగట్లేదు.”

బెళ్లందూరు ఆఫీసులో మా టీమ్‌లో కొత్తగా చేరిన నంద్యాల తమ్ముడు ఒక సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఇదే ప్రశ్నను కాస్త అటూ ఇటూగా వైట్‌ఫీల్డ్‌లో పనిచేసే స్నేహితురాలు అడిగింది, బీటీఎంలో మా పాత పీజీ వాళ్లూ అడిగారు. ఫోన్లో ముక్కలుముక్కలుగా చెబితే ఎవరికీ పూర్తిగా అందట్లేదు. అందుకే ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను. పాడ్ అంటే సర్వర్‌లో మన ప్రోగ్రామ్ నడిచే కంటైనర్ అనుకోండి.

కమాండ్లు, ఫంక్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

1. కోడ్ ముట్టుకునే ముందు

చాలామంది ఈ పని వదిలేసి నేరుగా కోడ్ మార్చడం మొదలుపెడతారు. రెండు రోజుల తర్వాత ఏ మార్పు వల్ల మేలు జరిగిందో, ఏది కీడు చేసిందో వాళ్లకే తెలియదు. కింది ఐదూ సిద్ధం చేసుకున్నాకే ముందుకెళ్లండి.

☐ గో వెర్షన్ చూసుకోండి. ఇన్‌స్టాల్ అయిన వెర్షన్‌తో పాటు గో.మాడ్ ఫైల్‌లో ఉన్న నంబర్ కూడా చూడాలి. మెమరీ లిమిట్ 1.19లో వచ్చింది, టైమర్ల తీరు 1.23లో మారింది.

☐ సమస్యను ఎప్పుడంటే అప్పుడు రప్పించగల లోడ్ తయారు చేసుకోండి. ప్రొడక్షన్‌లో వచ్చే రిక్వెస్ట్ సైజులే వాడాలి. చిన్న చిన్న టెస్ట్ డేటాతో కొన్ని జబ్బులు బయటపడవు.

☐ గోడీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో జీసీట్రేస్=1 పెట్టి ప్రోగ్రామ్ నడపండి. ప్రతి జీసీ సైకిల్‌కీ ఒక లైన్ వస్తుంది.

☐ నెట్ హెచ్‌టీటీపీ పీప్రాఫ్ ప్యాకేజీ కలపండి. మెమరీ ఏ ఫంక్షన్‌లో పోతోందో చూపే పనిముట్టు ఇది. ఆ పోర్ట్ లోకల్‌హోస్ట్‌కే పరిమితం కావాలి, బయటికి తెరవకూడదు.

☐ అనుమానం ఉన్న ఫంక్షన్‌కి ఒక బెంచ్‌మార్క్ రాసి, బెంచ్‌మెమ్ ఆప్షన్‌తో నడపండి. ఒక్కో ఆపరేషన్‌కి ఎన్ని బైట్లు, ఎన్ని అలొకేషన్లు (మెమరీ కేటాయింపులు) అయ్యాయో చెబుతుంది. ఆ రెండు అంకెలనూ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

2. జీసీ నిజంగా ఏం చేస్తుంది

ఇది అర్థం కాకపోతే మిగతాదంతా గుడ్డిగా చేసినట్టే. కాబట్టి ఒక్క నిమిషం ఓపిక పట్టండి.

మధ్యాహ్నం రద్దీలో ఉన్న ఆంధ్రా మెస్‌ను ఊహించుకోండి. శుభ్రం చేసే కుర్రాడు హాలంతా ఖాళీ అయ్యేదాకా ఆగడు. ఒకవైపు జనం తింటూనే ఉంటారు, అతను తిరుగుతూనే ఉంటాడు. ఎవరి ఆకు ముందు మనిషి ఉన్నాడో చూసుకుంటాడు. ఎవరూ లేని ఆకు తీసేసి ఆ చోటు ఇంకొకరికి ఇస్తాడు. మనిషి లేకపోయినా కుర్చీ మీద కర్చీఫ్ ఉంటే మాత్రం ముట్టుకోడు.

గోలో ఆ కర్చీఫే పాయింటర్, అంటే ఆబ్జెక్ట్ ఉన్న చోటును చూపే అడ్రస్.

జీసీ రెండు పనులు చేస్తుంది. మొదటిది మార్కింగ్. గ్లోబల్ వేరియబుల్స్, గోరొటీన్ల (ఒకేసారి నడిచే చిన్న పనుల) స్టాక్‌లు అనే మూలాల నుంచి బయలుదేరి, పాయింటర్లు పట్టుకుని చేరగలిగిన ప్రతి ఆబ్జెక్ట్‌కీ గుర్తు పెడుతుంది. రెండోది స్వీపింగ్. గుర్తు పడని చోట్లన్నీ ఖాళీ అని లెక్క.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. చనిపోయిన ఆబ్జెక్ట్‌లను జీసీ ఒక్కొక్కటిగా ఏరి పారేయదు. మార్కింగ్‌లో తయారైన గుర్తుల పట్టికనే తర్వాత ‘ఏ గడి నిండింది, ఏ గడి ఖాళీ’ అనే పట్టికగా వాడుకుంటుంది. అంటే తాత్కాలిక ఆబ్జెక్ట్ చావడం దాదాపు ఉచితమే. ఖర్చంతా బతికున్నవాటి చుట్టూ తిరగడంలో ఉంది.

మరి తాత్కాలికాలు ఎక్కువైతే నష్టమేంటి? అవి హీప్‌ను, అంటే జీసీ చూసుకునే మెమరీని, త్వరగా నింపేస్తాయి. హీప్ నిండిన ప్రతిసారీ జీసీ లేచి, బతికున్నవాటి చుట్టూ మళ్లీ మొత్తం తిరగాలి. జావాలో లాగా కొత్త ఆబ్జెక్ట్‌లకి వేరే గది, పాతవాటికి వేరే గది అనే ఏర్పాటు గోలో లేదు.

ఇంకో చిన్న విషయం. మార్కింగ్ నడుస్తుండగా పుట్టిన ఆబ్జెక్ట్‌లను బతికున్నవాటిగానే లెక్కిస్తారు. అవి వెంటనే అవసరం తీరిపోయినా ఆ సైకిల్‌లో పోవు, తర్వాతి సైకిల్‌లో పోతాయి. కాబట్టి ఒక్కసారి జీసీ నడిచాక ఇంకా ఏదో మిగిలి ఉందని కంగారు పడకండి.

స్వీప్ అయిన చోటు ప్రోగ్రామ్ చేతిలోనే ఉంటుంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కి తిరిగిచ్చే పని స్కావెంజర్ వెనకాల నిదానంగా చేస్తుంది. టాప్ కమాండ్‌లో మెమరీ వెంటనే దిగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, లీక్ కాదు.

3. ఏ జబ్బో ముందు తేల్చుకోండి

జబ్బులు రెండు రకాలు. ఒకటి, చెత్త ఎక్కువగా పుట్టడం. రెండు, వదలాల్సినదాన్ని పట్టుకుని కూర్చోవడం. మొదటిదానికి సీపీయూ పెరుగుతుంది, లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే సమయం) ఎగుడుదిగుడవుతుంది. రెండోదానికి మెమరీ ఎక్కుతూనే పోయి చివరికి పాడ్ చస్తుంది. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. మా తమ్ముడు రెండు రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే.

జీసీట్రేస్ లైన్‌లో ఇలాంటి ముక్క కనిపిస్తుంది:

61->66->30 ఎంబీ, 61 ఎంబీ గోల్

సైకిల్ మొదలైనప్పుడు హీప్ 61 ఎంబీ. ముగిసేసరికి 66, ఎందుకంటే ప్రోగ్రామ్ ఈలోగా ఆగలేదు. అందులో నిజంగా బతికున్నది 30. మీ కన్ను ఈ మూడో అంకె మీదే ఉండాలి.

లోడ్ ఒకేలా ఉండగా మూడో అంకె 30, 31, 30, 29 అని తిరుగుతూ ఉంటే పట్టుకుని కూర్చున్నది ఏమీ లేదు. ఆ లైన్లు సెకనుకి పది వస్తుంటే మాత్రం మొదటి జబ్బు ఉన్నట్టే. సైకిల్‌కి సుమారు 30 ఎంబీ చొప్పున సెకనుకి 300 ఎంబీ చెత్త పుట్టిస్తున్నారని లెక్క.

అదే మూడో అంకె 30, 48, 71, 95 అని మెట్లెక్కుతుంటే అది రెండో జబ్బు. అప్పుడు నేరుగా 6వ అంచెకి వెళ్లండి.

అదే లైన్‌లో శాతం గుర్తుతో ఉండే అంకె, ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచి జీసీకి పోయిన సమయం. అది రెండు మూడు శాతం దగ్గరే ఉండి, లేటెన్సీ కూడా బాగుంటే ఇక్కడితో ఆపేయండి. మీ సమస్య వేరే చోట ఉంది.

తర్వాత పీప్రాఫ్. హీప్ ప్రొఫైల్‌లో రెండు చూపులున్నాయి. చెత్త ఎక్కడ పుడుతోందో తెలియాలంటే అలాక్ స్పేస్, అలాక్ ఆబ్జెక్ట్స్ చూడాలి. ఇంకా ఎవరు మిగిలున్నారో తెలియాలంటే ఇన్‌యూజ్ స్పేస్ చూడాలి. మామూలుగా తెరిస్తే ఇన్‌యూజ్ వస్తుంది. అది చూసి “నా ఫంక్షన్ పేరే లేదు, చెత్త లేదు” అనుకోవడం చాలా తరచుగా జరిగే పొరపాటు.

4. స్టాక్‌లో ఉండాల్సింది హీప్‌కి ఎందుకెళ్లింది?

స్టాక్ మీద పుట్టిన తాత్కాలికానికి జీసీతో పనే లేదు. ఫంక్షన్ తిరిగి రాగానే ఆ చోటు దానంతట అదే పోతుంది. కాబట్టి మొదటి ప్రయత్నం ఎప్పుడూ దాన్ని హీప్‌కి పోనివ్వకుండా చూడటమే.

గో బిల్డ్ కమాండ్‌కి జీసీఫ్లాగ్స్ అనే ఆప్షన్‌లో మైనస్ ఎమ్ ఇవ్వండి. ఆ పేరులోని జీసీ అంటే గో కంపైలర్, చెత్త ఏరే జీసీ కాదు. ‘ఎస్కేప్స్ టు హీప్’, ‘మూవ్డ్ టు హీప్’ అని లైన్ నంబర్లతో సహా చెబుతుంది. చాలా పెద్ద లిస్టు వస్తుంది, భయపడొద్దు. పీప్రాఫ్‌లో పైన కనిపించిన ఫంక్షన్ల లైన్లు మాత్రమే వెతుక్కోండి.

ఎక్కువగా కనిపించే కారణాలు:

లోకల్ వేరియబుల్ అడ్రస్‌ను రిటర్న్ చేయడం. చిన్న స్ట్రక్ట్ అయితే పాయింటర్ బదులు విలువనే రిటర్న్ చేయండి. “కాపీ ఖర్చు కదా” అంటారు. నలభై యాభై బైట్ల కాపీ, ఒక హీప్ అలొకేషన్ కన్నా చవకే.

ఇంటర్‌ఫేస్‌లోకి మార్చడం. ఎఫ్‌ఎమ్‌టీ ప్యాకేజీలోని ప్రింట్ ఫంక్షన్లకి ఏమిచ్చినా ఇంటర్‌ఫేస్ అవుతుంది, సాధారణంగా హీప్‌కి పోతుంది. డీబగ్ లాగ్‌లు ఇక్కడే దెబ్బతీస్తాయి. లాగ్ లెవెల్ ఆఫ్‌లో ఉన్నా, ఆర్గ్యుమెంట్లో రాసిన స్ప్రింట్‌ఎఫ్ ముందే నడిచిపోయి స్ట్రింగ్ తయారైపోతుంది.

కొత్త గోరొటీన్‌లో నడిచే క్లోజర్ బయటి వేరియబుల్‌ని పట్టుకోవడం.

సైజు ముందే తెలియని స్లైస్. మేక్‌కి ఇచ్చిన పొడవు కంపైల్ సమయంలో తెలియకపోతే దాదాపు ఎప్పుడూ హీపే. తెలిసినా 64 కేబీ దాటితే హీపే.

అన్నింటినీ స్టాక్‌కి తేవాలని పట్టుబట్టకండి. రిక్వెస్ట్‌కి ఒకసారి జరిగే అలొకేషన్ కోసం కోడ్‌ను వంకరలు తిప్పితే, రేపు దాన్ని చదివేవాళ్లు తిప్పలు పడతారు. లూప్ లోపల జరిగేవే పట్టించుకోండి.

5. పుట్టే చెత్త తగ్గించడం, ఈ వరుసలోనే

మొదట స్లైస్‌లకి కెపాసిటీ ఇవ్వండి. ఖాళీ స్లైస్‌కి 500 పూర్ణాంకాలు ఒక్కొక్కటిగా అపెండ్ చేస్తే 1, 2, 4, 8 అంటూ 512 దాకా దాదాపు పదిసార్లు కొత్త ఎర్రే పుడుతుంది. చివరిది తప్ప మిగతావన్నీ చెత్తే. పొడవు 0, కెపాసిటీ 500 అని మొదటే ఇస్తే ఒక్కటే. ఇక్కడ ఒక తప్పు జాగ్రత్త: కెపాసిటీ బదులు పొడవునే 500 పెట్టి అపెండ్ చేస్తే ముందు 500 సున్నాలు వచ్చి పడతాయి.

రెండోది స్ట్రింగ్‌లు. లూప్‌లో ప్లస్ గుర్తుతో కలిపితే, కలిపిన ప్రతిసారీ అప్పటిదాకా ఉన్నదంతా కాపీ అయి పాతది చెత్తవుతుంది. స్ట్రింగ్స్ బిల్డర్ వాడి, ముందు గ్రో పిలవండి. అంకెను స్ట్రింగ్ చేయడానికి స్ప్రింట్‌ఎఫ్ వద్దు. స్ట్రకాన్వ్‌లో అపెండ్ అని మొదలయ్యే ఫంక్షన్లు ఉన్న బఫర్‌లోకే రాస్తాయి, కొత్తదేమీ పుట్టదు.

మూడోది బైట్లకీ స్ట్రింగ్‌కీ మధ్య రాకపోకలు. మార్చిన ప్రతిసారీ కాపీ. ఫంక్షన్ల వరుసలో బైట్లు, స్ట్రింగ్, మళ్లీ బైట్లు అని ఊగిసలాడకుండా ఒక రూపం మీద నిలబడండి. మ్యాప్‌లో వెతికే చోటే బైట్లను స్ట్రింగ్‌గా మారిస్తే మాత్రం కంపైలర్ కాపీ చేయదు, దాన్ని అలాగే ఉంచుకోండి.

ఇవన్నీ అయ్యాక బెంచ్‌మార్క్ మళ్లీ నడిపి, కాగితం మీది అంకెలతో పోల్చండి. చాలా సర్వీస్‌లకి ఇక్కడితోనే పని అయిపోతుంది.

ఇంకా మిగిలితేనే సింక్ పూల్, అంటే వాడేసిన ఆబ్జెక్ట్‌లను దాచి మళ్లీ ఇచ్చే పెట్టె. మనవాళ్లు దీన్ని మొదటి మందుగా వాడుతుంటారు. నా అభిప్రాయంలో ఇది చివరి మందు, ఎందుకంటే తప్పుగా వాడితే వచ్చే నష్టం మెమరీతో ఆగదు.

ఒకసారి మా టెస్టింగ్‌లో ఒక కస్టమర్ బిల్లు కోసం అడిగితే ఇంకొక కస్టమర్ బిల్లు సగం కలిసి వచ్చింది. ఆ రాత్రి పడిన టెన్షన్ నాకింకా గుర్తుంది. కారణం వెతికితే, బఫర్‌లోని బైట్లను రిటర్న్ చేస్తూ, డిఫర్‌తో (ఫంక్షన్ ముగిసేటప్పుడు నడిచేలా) అదే బఫర్‌ను పూల్‌కి తిరిగిచ్చేశాం. పిలిచినవాళ్లు ఆ బైట్లు చదివేలోపు ఇంకో రిక్వెస్ట్ ఆ బఫర్‌లో రాయడం మొదలుపెట్టింది.

పూల్ వాడేటప్పుడు:

☐ తీసుకోగానే రీసెట్. ఇచ్చినవాళ్లు చేసుంటారులే అనుకోవద్దు.

☐ పుట్ చేశాక, అంటే పూల్‌కి తిరిగిచ్చాక, ఆ బఫర్‌నీ, దాని ముక్కల్నీ ముట్టుకోకూడదు. బయటికి ఇవ్వాలంటే కాపీ చేసి ఇవ్వండి.

☐ మరీ పెద్దదైన బఫర్‌ను తిరిగి పెట్టకండి. ఎఫ్‌ఎమ్‌టీ ప్యాకేజీ కూడా 64 కేబీ దాటిన తన బఫర్‌ను పూల్‌కి ఇవ్వదు.

☐ స్లైస్‌ను కాకుండా స్లైస్ పాయింటర్‌ను పెట్టండి. స్లైస్‌నే పెడితే ప్రతి పుట్‌కీ ఒక చిన్న అలొకేషన్ అవుతుంది.

☐ రేస్ డిటెక్టర్‌తో (ఇద్దరు ఒకేసారి ఒకే మెమరీని ముట్టుకుంటే పట్టిచ్చే టూల్) టెస్టులు నడపకుండా మెర్జ్ చేయొద్దు.

పూల్ అంటే క్యాష్ కాదు. వాడకుండా పడి ఉన్నవి రెండు జీసీ సైకిళ్లలో పోతాయి. డేటాబేస్ కనెక్షన్ల లాంటివి అందులో పెట్టకూడదు.

6. వదలని చేతులు విడిపించడం

ఇప్పుడు మా తమ్ముడి కేసు. జీసీట్రేస్‌లో మూడో అంకె మెట్లెక్కుతోంది, అంటే రెండో జబ్బు. ఇన్‌యూజ్ స్పేస్‌లో పైన కనిపించింది రిక్వెస్ట్ బాడీని స్ట్రింగ్‌గా మార్చే లైన్. “అక్కా, ఆ స్ట్రింగ్‌కి నిల్ లాంటిదే పెట్టాను కదా, ఖాళీ స్ట్రింగ్ పెట్టేశాను” అన్నాడు.

పీప్రాఫ్ ఆబ్జెక్ట్ పుట్టిన చోటు చూపిస్తుంది. దాన్ని పట్టుకున్న చోటు చూపించదు. అది మనమే వెతకాలి.

వెతికితే దొరికింది. 2 ఎంబీ బాడీలోంచి 14 అక్షరాల ఆర్డర్ నంబర్‌ను ముక్కగా తీసి, ఒక మ్యాప్‌లో కీగా పెట్టాడు. స్ట్రింగ్ ముక్క అంటే కాపీ కాదు, పెద్ద స్ట్రింగ్ లోపలికే చూపే వేలు. ఆ 14 అక్షరాలు బతికున్నంతకాలం 2 ఎంబీ మొత్తం బతుకుతుంది. 300 ఆర్డర్లకి 600 ఎంబీ. మార్పు ఒక్క లైనే: మ్యాప్‌లో పెట్టే ముందు స్ట్రింగ్స్ క్లోన్. బైట్ల స్లైస్ అయితే బైట్స్ క్లోన్.

ఇలా కర్చీఫ్ మిగిలిపోయే మిగతా చోట్లు కూడా వరుసగా చూసుకోండి.

స్లైస్ తోక: పాయింటర్ల స్లైస్‌లోంచి మధ్యలోది తీసేసి పొడవు తగ్గిస్తే, అడుగున ఉన్న ఎర్రేలో చివరి పాయింటర్ అలాగే ఉండిపోతుంది. 1.22 నుంచి స్లైసెస్ డిలీట్ ఆ తోకను తుడుస్తుంది. చేత్తో చేస్తే మీరే నిల్ పెట్టాలి.

మ్యాప్: డిలీట్ చేస్తే కీ, వాల్యూ పోతాయి గానీ మ్యాప్ కోసం పెరిగిన చోటు తగ్గదు. ఒకసారి లక్షల ఎంట్రీలకు ఉబ్బి తగ్గిపోయే మ్యాప్ అయితే, మిగిలినవాటిని కొత్త మ్యాప్‌లోకి మార్చి పాతదాన్ని వదిలేయండి.

గోరొటీన్: ఎవరూ పంపని ఛానెల్ దగ్గర నిలబడిపోయిన గోరొటీన్ స్టాక్ కూడా మూలమే. అది చూసేవన్నీ బతుకుతాయి. పీప్రాఫ్‌లో గోరొటీన్ల సంఖ్య తెరిచి, లోడ్ ఆపాక కూడా తగ్గకపోతే కాంటెక్స్ట్ క్యాన్సిల్ ఎక్కడ మర్చిపోయారో చూడండి.

టైమర్: లూప్‌లో సెలెక్ట్ లోపల టైమ్ ఆఫ్టర్ వాడితే, 1.23కి ముందు ఆ టైమర్లు గడువు తీరేదాకా పోయేవి కావు. గో.మాడ్‌లో నంబర్ పాతదైతే కొత్త కంపైలర్‌తోనూ పాత తీరే నడుస్తుంది.

ఇక నిల్ సంగతి. ఫంక్షన్ లోపలి లోకల్ వేరియబుల్‌కి నిల్ పెట్టనక్కర్లేదు. చివరిసారి ఎక్కడ వాడారో కంపైలర్‌కి తెలుసు, ఆ తర్వాత దాన్ని పట్టుకున్నట్టు లెక్కించదు. ఎక్కువకాలం బతికే స్ట్రక్ట్ ఫీల్డ్, గ్లోబల్, స్లైస్ గడి లాంటి వాటికే నిల్ వల్ల ఉపయోగం.

ఇంకొకటి: జీసీ చూసేది మెమరీని మాత్రమే. హెచ్‌టీటీపీ రెస్పాన్స్ బాడీ, ఫైల్, డేటాబేస్ రోస్ అన్నీ మీరే క్లోజ్ చేయాలి.

7. మీటలు చివరికి

గోజీసీ, గోమెమ్‌లిమిట్ అనేవి జీసీ తీరును మార్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. గోజీసీ మామూలుగా 100 ఉంటుంది. బతికున్న హీప్ ఎంతో, దాదాపు అంత కొత్తది పేరుకున్నాక జీసీ లేస్తుందని దానర్థం. 200 చేస్తే ఆ అదనపు చోటు రెట్టింపవుతుంది, జీసీకి పోయే సీపీయూ సుమారు సగమవుతుంది. మెమరీ మిగులు ఉండి సీపీయూ చాలనివాళ్లకి ఇది మంచి బేరం.

కంటైనర్‌లో నడిపేవాళ్లు గోమెమ్‌లిమిట్ (మెమరీ లిమిట్) తప్పకుండా పెట్టండి. కంటైనర్ పరిమితిలో 5 నుంచి 10 శాతం వదిలేసి ఇవ్వాలి. 512 ఎంఐబీ పాడ్‌కి 460 ఎంఐబీ దగ్గర పెడితే సరిపోతుంది. యూనిట్‌లో ఎమ్, బీ మధ్య ఐ ఉండాలి, అది లేకుండా ఎంబీ అని రాస్తే ప్రోగ్రామ్ మొదలవ్వకుండానే ఆగిపోతుంది. యూనిట్ అసలే రాయకపోతే అది బైట్లు అనుకుంటుంది. సీగో ద్వారా సీ కోడ్ తీసుకున్న మెమరీ ఈ లెక్కలోకి రాదు, దానికి వేరుగా చోటు వదలండి.

రెండో జబ్బు ఉన్న ప్రోగ్రామ్‌కి లిమిట్ పెడితే జబ్బు తగ్గదు. పరిమితి దగ్గరికి వచ్చేకొద్దీ జీసీ ఊపిరి పీల్చకుండా తిరుగుతుంది, సర్వీస్ నత్తనడక నడుస్తుంది. ఇది సాఫ్ట్ లిమిట్ కాబట్టి చివరికి దాన్ని దాటుతుంది కూడా.

రన్‌టైమ్ జీసీని కోడ్‌లోంచి పిలవడం టెస్టులకి, బెంచ్‌మార్క్‌లకి ఉంచుకోండి. రిక్వెస్ట్ దారిలో పెడితే ఆ సైకిల్ ముగిసేదాకా పిలిచినవాళ్లు ఆగాల్సిందే.

8. మెర్జ్ చేసే ముందు ఒకసారి

☐ అదే లోడ్‌తో, కనీసం ఒక గంట నడిపి జీసీట్రేస్ మూడో అంకె నిలకడగా ఉందా చూశారా?

☐ మార్పుకి ముందు, తర్వాత తీసిన ప్రొఫైల్స్‌ను పీప్రాఫ్‌లో డిఫ్ బేస్ ఆప్షన్‌తో పక్కపక్కన పెట్టారా?

☐ బెంచ్‌మార్క్ ఒక్కసారి కాకుండా పదిసార్లు నడిపి, ఫలితాలను పోల్చే బెంచ్‌స్టాట్ టూల్‌కి ఇచ్చారా? లాప్‌టాప్ ఛార్జర్ పెట్టి నడపండి, బ్యాటరీ మీద అంకెలు ఊగుతాయి.

☐ తగ్గించిన అలొకేషన్లు మళ్లీ పెరగకుండా టెస్టింగ్ ప్యాకేజీలోని అలాక్స్‌పర్‌రన్‌తో ఒక టెస్ట్ రాశారా? ఆరు నెలల తర్వాత ఇంకెవరో ఆ లూప్‌లో ఒక డీబగ్ లాగ్ పెట్టినప్పుడు ఆ టెస్టే అడ్డుపడుతుంది.

☐ క్లోన్ చేసిన లైన్ పక్కన ఎందుకు చేశారో కామెంట్ రాశారా? మా తమ్ముడు రాయలేదు. రెండు వారాలకే కోడ్ రివ్యూలో ఒకరు “ఈ కాపీ అనవసరం” అని తీసేయబోయారు.